పదకొండో ప్రోటీన్

1970 జనవరి 12, సోమవారం

కాలవ గడ్డకట్టింది. బస్సు కోసం ఇరవై నిమిషాలు నిలబడేసరికి కాళ్ళు ఉన్నాయో లేవో తెలియలేదు.

నిరుడు నేను చేసిన ప్రయోగమే, డాక్టరేటు చేస్తున్న వీబ్కెకి ఇవాళ కూడా రాలేదు. ఇది నాలుగో నెల. ఆమె గీసిన గ్రాఫుని మా ప్రయోగశాల పెద్ద డాక్టర్ బ్రూన్స్ అందరి ముందూ కిటికీ వెలుగులో పట్టుకుని, "ఇందులో చూడ్డానికేముందండీ? పంట తీసి చదును చేసిన బంగాళదుంప చేనులా ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత నా వైపు చెయ్యి చూపించి, "పాల్కె గారి పక్కన నిలబడి నేర్చుకోండి. చదువు వేరు, చేతి పని వేరు" అన్నాడు.

నాకు బాగుంది. బాగుందని ఇక్కడ రాస్తే ఎవరు చూస్తారు కనక. నలభై ఆరేళ్ళు వచ్చాయి. పన్నెండేళ్ళుగా ఈ ప్రయోగశాలలో సహాయకురాలిని. నా పేరు మొదటిసారి అచ్చులో చూసుకున్నది మొన్న అక్టోబరులోనే. వ్యాసం చివర కృతజ్ఞతల్లో కాదు, పైన, శీర్షిక కింద, పెద్దవాళ్ళ వరసలో. ఆర్. పాల్కె.

పనిలో రాసే పుస్తకంలో అంకెలు తప్ప ఏమీ రాయకూడదు. అందుకే ఈ నోటుబుక్కు కొన్నాను.

జనవరి 14

వీబ్కెకి మళ్ళీ రాలేదు.

జనవరి 18, ఆదివారం

మధ్యాహ్నం కాఫీకి తమ్ముడింటికి వెళ్ళాను. ఎగోన్ నాకు చెప్పకుండా మా వ్యాసం మొదటి పేజీకి చట్రం కట్టి తన వడ్రంగి కొట్లో గోడకి తగిలించాడు. వాల్‌నట్ చెక్క. మూలలు మేకు లేకుండా కలిపాడు. పక్కింటి దంపతుల్ని కూడా పిలిచాడు.

"ఇంకోసారి చెప్పక్కా. నేను చెబితే వీళ్ళు నవ్వుతున్నారు" అన్నాడు.

చెప్పాను. బాక్టీరియా లోపల ప్రోటీన్లు తయారుచేసే యంత్రం ఒకటుంటుంది, దాన్ని రైబోజోమ్ అంటారు. దాని చిన్న సగంలో పొడుగాటి దారం లాంటిది, ఆర్.ఎన్.ఏ., ముడతలు పడి ఉంటుంది. దాని మీద ఇరవై చిల్లర ప్రోటీన్లు కూర్చుని ఉంటాయి. అన్నిట్నీ విడదీసి, మళ్ళీ ఒక ట్యూబులో కలిపి సరైన వేడిలో ఉంచితే, ఎవరూ చెయ్యి పెట్టకుండానే కూడుకుంటాయి. వాటిలో దారాన్ని నేరుగా పట్టుకునేవి ఏవి, ఇంకొకటి వచ్చి కూర్చునేదాకా ఆగేవి ఏవి? మా డాక్టర్ గారు తేల్చాలనుకుంటున్నది అదే. మేం పదకొండు అని పిలుచుకునే ప్రోటీన్ నేరుగానే పట్టుకుంటుందని ఈ పేజీలో రాశాం.

"అంటే కుర్చీ దానంతటది బిగుసుకుంటుందన్నమాట. ఇంక నేను కొట్టు మూసుకోవచ్చు" అన్నాడు ఎగోన్.

పక్కింటాయన కళ్ళజోడు పెట్టుకుని నా పేరు వెతికి, దాని కింద వేలు పెట్టి, పైకి చదివాడు.

జనవరి 22

ఇవాళంతా కోల్డ్ రూమ్‌లో వీబ్కె పక్కనే ఉన్నాను. ఎక్కడ తప్పు చేస్తోందో చూడమన్నాడు డాక్టర్. ఆమె హూసుమ్ దగ్గర సముద్రపు గట్టు పిల్ల, ఇరవై ఏడేళ్ళు. చలి ఆమెని ఏమీ చెయ్యదు. నాకు రెండు స్వెట్టర్లు, ఆమెకి ఒక్క కోటు.

నిలువు గాజు గొట్టం, కాలమ్‌లో, ప్రోటీన్లని విడదీసే రెసిన్ పూసలు నింపింది. ప్రోటీన్లని యూరియాలో కలిపి పోసింది. కింద ట్యూబులు ఒక్కొక్కటే జరుగుతూ చుక్క చుక్క పట్టుకుంటున్నాయి. నేను చూస్తూ కూర్చున్నాను. తప్పు పట్టాలని చాలా చూశాను. ట్యూబులు చేత్తో పట్టుకుంటోంది, చెయ్యి వెచ్చగా ఉంటుంది కదా, అదేమో అన్నాను.

"పాల్కె గారూ, నేను చేతికి తొడుగులు వేసుకునే ఉన్నాను" అంది.

"అయినా కొందరి చేతులు వెచ్చగా ఉంటాయమ్మా."

నిండిన ట్యూబు తీసి పక్కన పెట్టింది. "అప్పట్లో మీరు పదకొండు కోసం ఏ ట్యూబు నుంచి ఏ ట్యూబు దాకా కలిపారు?" అని అడిగింది.

"పుస్తకంలో రాసి ఉంటుంది, చూసుకో."

"చూశానండీ. 'గుట్ట' అని మాత్రం ఉంది. నంబర్లు లేవు."

"గుట్ట అంటే గుట్టే. గ్రాఫులో గీత పైకి లేచిన చోటు కనపడట్లా?" అన్నాను. గొంతు కొంచెం పెద్దదయింది. అవదా మరి, చలిలో మూడు గంటలు.

జనవరి 23

మా వ్యాసంలో ఫోటో ఉంది కదా. ప్రోటీన్లు విడివిడి గీతలుగా తేలే జెల్ ఫోటోలో ఒకటే గీత. సరుకులో ఒకటే ప్రోటీన్ ఉందని దాని అర్థం. ప్రపంచమంతా చూసింది.

ఫిబ్రవరి 3

అమెరికా నుంచి డాక్టర్‌కి ఉత్తరం వచ్చింది. అక్కడ ఇదే పని చేస్తున్న వాళ్ళకి పదకొండు ఒంటరిగా దారాన్ని పట్టుకోవడం లేదట. మర్యాదగానే రాశారు, మీ సరుకు కొంచెం పంపగలరా అని. డాక్టర్ పెద్దగా చదివి వినిపించి, "దారాన్ని పాడుచేసుకుని ఉంటారు. ఫినాల్‌తో కడిగేటప్పుడు తొందర. వాళ్ళకి అన్నిటికీ తొందరే" అని ఉత్తరం మడిచేశాడు.

అందరూ నవ్వారు, వీబ్కె మాత్రం నవ్వలేదు. ఆ ఉత్తరాన్ని అడిగి తీసుకుని బల్ల దగ్గర కూర్చుని రెండుసార్లు చదివింది.

ఫిబ్రవరి 10

"పోయినేడాది మీరు చేసిన పదకొండు ఏమన్నా మిగిలిందా? రెండు చుక్కలు చాలు. నాది, మీది పక్కపక్కన పెట్టి చూస్తాను" అని అడిగింది వీబ్కె.

అయిపోయిందని చెప్పాను.

ఫిబ్రవరి 11

ఫ్రీజర్ వెనక వరసలో ఒక చిన్న సీసా ఉంది. అందులో అడుగున కొంచెమే. అంత కొంచెం ఉంటే లేదనే అంటారు ఎవరైనా.

ఫిబ్రవరి 20

గాజు సామాను కడిగే కుబాష్ ముసలమ్మకి ఈ అంతస్తులో తెలియనిది లేదు. భోజనాల వేళ నా పక్కన చతికిలబడి, సాసేజ్ ముక్కకి ఆవాల ముద్ద పులుముకుంటూ మొదలుపెట్టింది.

"ఆ గట్టు పిల్లకి గడువు పెట్టాడమ్మోయ్ మీ డాక్టరు. ఈస్టర్ లోపల తేలాలంట. లేకపోతే డాక్టరేటు మానేసి ఇంకేదన్నా చూసుకోమన్నాడు. నా గదిలో పీపా మీద కూచుని ఏడ్చింది."

"ఏమంది?"

"ఏమంటది? నా చేతులు పనికిమాలినవండీ అంది. నేను చూశానే తల్లీ దాని చేతులు! నలభై ఏళ్ళుగా మీ అందరి గాజు సామానూ నేనే కడుగుతున్నా. ఎవరి చేతులు ఎలాంటివో వాళ్ళ ఎంగిలి చూస్తే నాకు తెలుస్తది. ఆ పిల్ల పంపిన గాజు కడగక్కర్లేదు, అంత శుభ్రం."

"మరి నావి?" అన్నాను నవ్వుతూ.

"నీయీ బానే ఉంటయి. కంగారుపడ్డ రోజున తప్ప."

ఫిబ్రవరి 24

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఈ పుస్తకంలో కూడా కళ్ళు మూసుకుంటే ఇది దేనికి? రాసేస్తాను.

పోయిన మే నెల. డాక్టర్ సదస్సుకి వెళ్ళడానికి పన్నెండు రోజులుంది. సెంట్రిఫ్యూజ్‌లో ఒక గొట్టం పగిలి సగం సరుకు పోయింది. మిగిలిన సగాన్నే కాలమ్‌లో పోశాను. పదకొండు గుట్ట ఎప్పుడూ నాలుగో ప్రోటీన్ గుట్ట వెంటనే వస్తుంది. రెండు గుట్టల వాలులూ కిందన కలిసిపోయి ఉంటాయి. శుభ్రంగా ఉన్నవి ఐదు ట్యూబులే. ఐదు ట్యూబులతో ప్రయోగం అవదు. ఎడమవైపు వాలు నుంచి ఇంకో ఆరు కలిపాను. కొంచెం నాలుగు కూడా వస్తుందని తెలుసు. కొంచెమే కదా అనుకున్నాను. పుస్తకంలో నంబర్లు రాయబోయి, 'గుట్ట' అని రాశాను.

ఫలితం అద్భుతంగా వచ్చింది. పదకొండు దారంతో పాటే కదిలింది. డాక్టర్ చప్పట్లు కొట్టాడు. నా భుజం పట్టుకుని, "ఈసారి మీ పేరు పైన ఉంటుంది పాల్కె గారూ" అన్నాడు. ఆ తర్వాత జెల్ ఫోటో అడిగాడు. కలిపిన సరుకుని జెల్ మీద చూసి ఉన్నాను. రెండో గీత సన్నగా కనపడుతోంది. అది నీడ అని నాకు నేను చెప్పుకున్నాను. మధ్య ట్యూబు ఒక్కదాన్నే మళ్ళీ జెల్ మీద వేసి దాని ఫోటో ఇచ్చాను.

"ఇది అదే సరుకు కదా?" అని అడిగాడు.

"అదే."

ఇంతే జరిగింది. రాస్తే పేజీ కూడా నిండలేదు.

ఫిబ్రవరి 25

చూడకుండానే తప్పని ఎలా అనుకోను? ముందు చూడాలి.

మార్చి 7, శనివారం

పొద్దున ఏడింటికే వెళ్ళాను. అంతస్తులో ఎవరూ లేరు. బయట మంచు మీద నా అడుగులు తప్ప ఇంకొకరివి లేవు.

పదకొండు కొత్తగా చేసుకునే వ్యవధి లేదు. వీబ్కె పెట్టెలోంచి ఆమె చేసిన పదకొండు తీసుకున్నాను. ఆమెని అడగలేదు. అది రేడియోధార్మికత పట్టించిన సరుకు, ఎక్కడికి వెళితే అక్కడ యంత్రం లెక్కపెడుతుంది. ముందు జెల్ మీద చూశాను. ఒకటే గీత. ఎంత సేపు చూసినా ఒకటే. నా జన్మలో అంత శుభ్రమైన పదకొండు చెయ్యలేదు.

మూడు ట్యూబులు పెట్టాను. మొదటిదాంట్లో దారం, పదకొండు. రెండోదాంట్లో దారం, పదకొండు, రేడియోధార్మికత పట్టించని నాలుగు. మూడోదాంట్లో దారం లేకుండా రెండు ప్రోటీన్లూ. నలభై డిగ్రీల నీళ్ళలో గంటసేపు. తర్వాత చక్కెర ద్రావణం మీద పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాను. బరువైన దారం కిందకి దిగుతుంది. దాన్ని పట్టుకున్నది ఏదైనా దాంతోపాటే దిగుతుంది, పట్టుకోనిది పైనే ఉండిపోతుంది.

లెక్కపెట్టే యంత్రం రాత్రి దాకా టకటకలాడింది. మొదటి ట్యూబులో దారం దగ్గర ఏమీ లేదు. బంగాళదుంప చేను. మూడోదాంట్లోనూ అంతే. రెండోదాంట్లో పదకొండు దారంతో పాటు దిగింది. గుట్ట కాదు, కొండ.

నాలుగు లేకుండా పదకొండు కూర్చోదు. నాలుగు వచ్చి పట్టుకుంటే దారం ఎక్కడో వంగుతుందనుకుంటాను, అప్పుడు గానీ పదకొండుకి చోటు ఏర్పడదు. ఇదే పని ఇంకో ట్యూబుతో చల్లటి నీళ్ళలో చేసి చూస్తే అసలు రాలేదు. వంగడానికి వేడి కావాలి కాబోలు. పన్నెండేళ్ళుగా వీటిని విడదీస్తున్నాను. ఒకదాని కోసం ఇంకొకటి ఆగడం ఇవాళే కళ్ళారా చూశాను. చాలాసేపు ఆ కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్నాను. సంతోషం వేసింది. ఆ మాట కూడా రాయాలి.

ఆర్నెల్లుగా వీబ్కె గ్రాఫులు చెబుతున్నదే నిజం. ఆమె చేతులు మంచివి కాబట్టే ఆమెకి రాలేదు.

మార్చి 8, ఆదివారం

సోమవారం చెప్పేస్తాను.

మార్చి 9

డాక్టర్‌కి జలుబు, చిరాగ్గా ఉన్నాడు.

ఇంకో దారి తట్టింది. ఇది కొత్త సంగతే కదా. 'నాలుగు ఉంటే పదకొండు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది' అని కొత్తగా మొదలుపెట్టొచ్చు. పాత వ్యాసాన్ని ఎవరూ కదపక్కర్లేదు. కొన్నేళ్ళు పోతే దాన్ని అందరూ మరిచిపోతారు. వీబ్కెకి పని దొరుకుతుంది, డాక్టర్‌కి కొత్త వ్యాసం, నాకు

వాక్యం ఇక్కడితో ఆపేస్తున్నాను. ఎలా పూర్తవుతుందో తెలుసు.

మార్చి 10

వీబ్కె రాజీనామా ఉత్తరం టైపు చేస్తోంది. హూసుమ్‌లో ఆడపిల్లల బడిలో జీవశాస్త్రం చెప్పే ఉద్యోగం వచ్చిందట. రేపు ఇస్తానంది. "మీరు నాకోసం చాలా సమయం పెట్టారు పాల్కె గారూ, థాంక్స్ అండీ" అని నాతో అంది.

థాంక్స్ అంది.

మార్చి 11, బుధవారం

తొమ్మిదింటికి డాక్టర్ గది తలుపు కొట్టాను. వీబ్కె లోపలే ఉంది, కవరు చేతిలో. తర్వాత రమ్మన్నాడు. "ఇద్దరూ ఉండగానే చెప్పాలండీ" అని వెళ్ళి బల్ల మీద మూడు గ్రాఫులూ పరిచాను.

"పదకొండు దారాన్ని పట్టుకోదు. నాలుగు ముందుంటేనే పట్టుకుంటుంది. మే నెలలో నేనిచ్చిన సరుకులో నాలుగు కలిసి ఉంది."

"ఎలా కలుస్తుంది? ఫోటో ఉందిగా!"

"ఆ ఫోటో మధ్య ట్యూబుది. కలిపిన సరుకుది కాదు. మీరు అదేనా అని అడిగారు. అదే అన్నాను."

డాక్టర్ కళ్ళజోడు తీశాడు. అరుస్తాడనుకున్నాను. చాలా మెల్లగా అడిగాడు.

"ఎప్పటినుంచి తెలుసు మీకు?"

"సరిగ్గా చెప్పాలంటే ఆ రోజు నుంచే. ఒప్పుకున్నది ఈ మధ్య."

"పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నేను ఇంతకంటే పెద్దవి చేశాను" అన్నాడు. "కానీ ఈ అమ్మాయిని మీ ఎదురుగా చేతగానిదాన్ని చేశాను నేను. అందరి ముందూ నవ్వించాను. మీరు పక్కనే నిలబడి ఉన్నారు."

"ఉన్నాను."

"నవ్వారా?"

"నవ్వానండీ."

వీబ్కె గ్రాఫుల మీదకి వంగి చూస్తోంది. ఆమెకి మా మాటలు వినపడుతున్నాయో లేదో. రెండో గ్రాఫు మీద వేలు పెట్టి, "ఇందులో పదకొండు ఎవరిది?" అని అడిగింది.

"నీదే. నీ పెట్టెలోంచి తీసుకున్నాను. అడగకుండా."

"నా పదకొండు పనిచేసింది" అంది. ఎవరితోనూ కాదు. అప్పుడు ఏడ్చింది, నిటారుగా నిలబడే. డాక్టర్ జేబులో రుమాలు వెతుక్కుని ఆమెకివ్వబోయాడు. అతనిది జలుబు రుమాలు. ఆమె వద్దంది.

మళ్ళీ నా వైపు తిరిగింది. "ఫిబ్రవరిలో అడిగాను, మీ పాత సరుకు మిగిలిందా అని. లేదన్నారు. ఉందా?"

"ఉంది."

కవరు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. తలుపు మెల్లగానే వేసింది.

మార్చి 12

క్షమించమని వీబ్కెకి ఉత్తరం రాసి ఆమె బల్ల మీద పెట్టాను.

మార్చి 15, ఆదివారం

ఎగోన్‌కి చెప్పాను. విన్నంతసేపూ చెక్క నునుపు చేస్తూనే ఉన్నాడు. చెప్పడం అయ్యాక గోడ మీది చట్రం దించి, బల్ల మీద బోర్లా పెట్టాడు.

"పక్కింటాయన అడిగితే ఏమనను?"

"తప్పని తేలిందని చెప్పు."

"తేలిందని చెప్పనా, నువ్వే తేల్చావని చెప్పనా?"

"నేనే చేశానని చెప్పు ముందు" అన్నాను. వాడు ఇంకేమీ అడక్కుండా రొట్టె కోశాడు. నాకు గసగసాల కేక్ అంటే ఇష్టమని మరదలు చేసి ఉంచింది. తినలేకపోయాను. పొట్లం కట్టిచ్చింది.

మార్చి 23

డాక్టర్ అమెరికాకి ఉత్తరం రాశాడు. పత్రికకి సవరణ రాసి నా ముందు పెట్టాడు, పన్నెండు వాక్యాలు. కింద ఒక్కడి పేరే ఉంది.

"నా పేరు లేదే?"

"మిమ్మల్ని ఎందుకు రచ్చకీడ్చడం? ప్రయోగశాల నాది. బాధ్యత నాది."

"మొదటి వ్యాసం మీద పేరు కావాలనుకున్నదాన్ని నేను. దీని మీదా ఉండాలి."

"తప్పు ఒప్పుకునే కాగితం మీద పేరు కావాలని ఎవరడుగుతారండీ!" అన్నాడు విసుగ్గా.

"నేనడుగుతున్నాను. ఇంకోటి కూడా అండీ. 'సరుకు కలుషితమైంది' అని రాశారు. దానంతటది అవలేదు. 'మేము ట్యూబులు కలిపేటప్పుడు' అని రాయండి. ఫోటో సంగతి కూడా."

కలం తీసి నా చేతికే ఇచ్చాడు. పన్నెండు వాక్యాలు పధ్నాలుగయ్యాయి.

నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. కానీ ఇకమీదట నేను చేసే ప్రతి సరుకూ ఇంకొకరు జెల్ మీద చూశాకే వాడాలన్నాడు. న్యాయమే. న్యాయమని రాయడం తేలిక. ఇవాళ మొదటిసారి నా ట్యూబులు ఇంకొకరి చేతికిచ్చి పక్కన నిలబడ్డాను.

ఏప్రిల్ 6

డాక్టర్ కాఫీ వేళ అందరూ ఉండగా లేచి, "జనవరిలో వీబ్కె గ్రాఫు చూసి నేనొక మాటన్నాను. అది చదునుగా ఉండటమే సరి. నాకు చూడటం రాలేదు" అని కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. కుబాష్ ముసలమ్మ గుమ్మంలోంచే, "కాఫీ చల్లారకముందే తాగండయ్యా" అంది.

వీబ్కె బడికి రానని రాసేసిందట. ఇదీ కుబాషే చెప్పింది. వీబ్కె నాతో పనికి అవసరమైన మాట తప్ప మాట్లాడదు.

ఏప్రిల్ 17

నా దగ్గర శుభ్రమైన నాలుగు సిద్ధంగా ఉంది, ఇద్దరు జెల్ మీద చూసి సంతకం కూడా పెట్టారు. కావాలా అని వీబ్కెని అడిగాను.

"వద్దండీ, నేనే చేసుకుంటాను" అంది. బాక్టీరియా పెంచడం దగ్గర్నుంచి, దారం, నాలుగు, పదకొండు, అన్నీ మొదటినుంచీ తనే చేస్తోంది. నెల పడుతుంది. కోల్డ్ రూమ్‌లో నేను వెళ్ళే వేళకి తను ఉండదు.

మే 4

ఆమె చేతులు చూస్తుంటాను దూరం నుంచి. ఫినాల్ పడి బొటనవేలి దగ్గర తెల్లగా కాలింది. మందు సీసా ఆమె బల్ల మీద పెట్టి వచ్చాను. సాయంత్రం నా బల్ల మీద ఉంది, మూత తియ్యలేదు.

మే 13

ఆ సీసా కోసం కుబాష్ నన్ను కసిరింది. "పుండు మానడానికి మందు కావాలి గానీ, నీ మందే కావాలనేముంది? ఆ పిల్ల నర్సు దగ్గరికెళ్ళి కట్టు కట్టించుకుంది. నువ్వు పని చూసుకో."

మే 22, శుక్రవారం

మధ్యాహ్నం వీబ్కె మా గది గుమ్మంలో నిలబడింది. "ఒక్కసారి వస్తారా?"

లెక్కపెట్టే యంత్రం గదిలోకి తీసుకెళ్ళింది. అంకెల కాగితం ఇంకా బయటికొస్తూనే ఉంది. నాలుగు ముందు, పదకొండు తర్వాత. పదకొండు దారంతో పాటు దిగింది. నాది కొండ అనుకున్నాను. ఆమెది దానికి రెండింతలు.

"బాగుంది. చాలా బాగుంది" అన్నాను.

"ఒక సంగతి అడగాలి పాల్కె గారూ. ఆ రోజు నేను రాజీనామా తేకపోయి ఉంటే చెప్పేవారా?"

చెప్పేదాన్ననే మాట నోటిదాకా వచ్చింది.

"తెలియదమ్మా" అన్నాను.

తలూపింది. కాగితం చూస్తూనే మాట్లాడింది. "మీరు చెప్పారు కాబట్టి నాకు తెలిసింది. చెప్పకపోయి ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు. బడిలో పాఠాలు చెప్పుకుంటూ, నా చేతులు పనికిరావనుకుంటూ ముసలిదాన్నయిపోయేదాన్ని. మీ మీద కోపం తగ్గుతోంది, తగ్గట్లేదని అబద్ధమెందుకు? కానీ ఆ భయం మాత్రం తగ్గట్లేదు."

క్షమించమని మార్చిలోనే అడిగాను, ఉత్తరం రాసి. దానికి ఆమె బదులివ్వలేదు. మళ్ళీ అడిగితే నా కోసమే అడిగినట్టవుతుంది.

"ఇంకా పదిహేను నమూనాలున్నాయి" అంది. "చూస్తారా?"

చూస్తానన్నాను. గదిలో కుర్చీ ఒకటే ఉంది, అందులో ఆమె కూర్చుంది. నేను వెనక నిలబడి చివరి అంకె దాకా చూశాను.